చేతులు మారిన నంబరు

చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతుండగా విద్యావతి ఫోన్లో సిగ్నల్ మాయమైంది.

ఆమె సంతోషించింది.

నంబరు కొత్త కంపెనీకి మారే రోజు కాసేపు ఫోన్ మూగబోతుందని తమ్ముడు హర్ష ముందే చెప్పాడు. అశోక్‌నగర్‌లో ఆమె వంటింట్లోకి పాత కంపెనీ సిగ్నల్ వచ్చి చచ్చేది కాదు. ఫంక్షన్లకు వంట ఆర్డర్లు ఇచ్చేవాళ్లు ఫోన్ చేసి చేసి విసిగిపోతున్నారు. పోర్ట్ చేయిస్తానని హర్షే ముందుకొచ్చాడు. ఫోన్‌కు వచ్చిన కోడ్‌ను ఒక్కో అక్షరం పలుకుతూ అతనికి చదివి చెప్పింది మాత్రం ఆమే.

సాయంత్రమైనా కొత్త సిమ్ రాలేదు. పక్కింటి సంధ్య ఫోన్ తీసుకుని తన నంబరుకు తనే చేసింది.

"హలో, చెప్పండి," అన్నాడెవరో.

విద్యావతి నంబరు సరిగ్గానే నొక్కిందో లేదో మరోసారి చూసుకుంది.

"ఎవరు నువ్వు? ఇది నా నంబర్."

"నిన్నటిదాకా మీదేమోనమ్మా. నేను కొనుక్కున్నాను. నా పేరు భానుప్రకాశ్. నారాయణగూడ మార్కెట్ వెనక సందులో ఉంటాను, కావాలంటే వచ్చి అడగండి."

"ఎవరమ్మిన్రు నీకు?"

"హర్షగారు. సిమ్ ఆయన పేరు మీదే ఉందిగా. చివర నాలుగు ఏడులు, జనానికి ఇట్టే గుర్తుంటుందని తీసుకున్నా. పోర్ట్ కోడ్ కూడా ఆయనే ఇచ్చారు."

పదేళ్ల కింద సిమ్ కొనేటప్పుడు ఆమె ఆధార్ ఇంకా చేతికి రాలేదు. "నా పేరు మీద తీస్కో అక్కా, నేనేమన్న పరాయోన్నా," అన్నది హర్షే. తల్లి పోయాక కొడుకులా సాకిన తమ్ముడి పేరు మీద ఉంటే ఏమిటి, తన పేరు మీద ఉంటే ఏమిటి అనుకుంది.

వెంటనే హర్షకు చేసింది.

"జర అవసరం పడ్డదక్కా," అన్నాడు వాడు. "నంబరే గద. ఇంకోటి తీస్కో."

ఆ నంబరు మీదే ఆమె ఇల్లు నడుస్తోందని వాడికి తెలియక కాదు. అయినా పెంచిన చేతులు కదా, వాణ్ని తిట్టడానికి నోరు పెగల్లేదు. ఆ తిట్లన్నీ కొన్నవాడి మీదికి మళ్లాయి.

మర్నాడు తన పేరు మీద కొత్త సిమ్ తీసుకుని, మొదటి ఫోన్ భానుప్రకాశ్‌కే చేసింది.

"దొంగమాల్ కొన్నవ్. మర్యాదగ వాపస్ ఇయ్యి."

"నాకు తెలీదండీ. ఇప్పుడు ఇద్దామన్నా కుదరదు. ఒకసారి పోర్టయ్యాక మూడు నెలలదాకా నంబరు కదలదు. తర్వాత మీకే ఇచ్చేస్తా."

"మూడు నెల్లయితె నన్నెవరు యాదికుంచుకుంటరు? అప్పుడు ఇస్తె ఏంది, ఇయ్యకుంటె ఏంది?"

"మర్చిపోరమ్మా."

ఆ మాట వెటకారంలా వినిపించి ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత కూడా హర్ష గుర్తొచ్చి కడుపు మండినప్పుడల్లా అతనికి చేసి తిట్టింది. అతను ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. తప్పు చేసినవాడు కాబట్టే నోరెత్తడం లేదనుకుంది.

వారం తిరక్కుండానే కొత్త నంబరుకు ఆర్డర్లు మొదలయ్యాయి. నల్లకుంటలో గృహప్రవేశం, గాంధీనగర్‌లో సీమంతం, దోమలగూడలో ఎవరిదో షష్టిపూర్తి.

"నా చేతి రుచి యాడికి పోతది," అంది సంధ్యతో.

నంబరు ఎట్లా దొరికిందని మాత్రం ఒక్కరినీ అడగలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే ఆ తీరిక ఎవరికుంటుంది?

మూడు నెలలు దాటాక ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

"అమ్మా, మీ నంబరు కోడ్ ఇది. నాలుగు రోజుల్లో వాడేయాలి. ఈసారి సిమ్ మీ పేరు మీదే పెట్టుకోండి. భానుప్రకాశ్."

ఇదేం కొత్త మోసమోనని అనుమానిస్తూనే షాపుకు పరుగెత్తింది. మోసమేమీ లేదు. వారంలోగా నాలుగు ఏడులూ ఆమె పేరు మీదికి వచ్చేశాయి.

వచ్చాక మొదట మోగించింది గాంధీనగర్ జగన్నాథరావుగారు, పాత ఖాతాదారు.

"ఇవాళ మీరే ఎత్తారేమిటమ్మా? ఈమధ్య ఆ అబ్బాయి కదా ఎత్తేది."

"ఏ అబ్బాయండీ?"

"అదే, విద్యావతిగారి వంట కావాలంటే ఈ నంబరుకు చేయండి అని మీ రెండో నంబరు చెప్పేవాడే. రాసుకునేదాకా ఆగి, మళ్లీ ఒకసారి చదివించుకునేవాడు. మా వియ్యంకుడికీ అతనే చెప్పాట్ట. మంచివాణ్ని పెట్టుకున్నారు."

ఆ అబ్బాయి భానుప్రకాశేనని విద్యావతికి అప్పుడర్థమైంది. తన చేతి రుచి అనుకున్నదంతా అతని నోటి మాట. చేతులారా పెంచినవాడు అమ్ముకున్న పేరును ముఖం తెలియనివాడు నిలబెట్టాడు. అతన్ని తాను తిట్టిన తిట్లు తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

ఫోన్ చేద్దామంటే అతని నంబరు ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది.

భక్ష్యాలు చేసి, డబ్బాలో సర్దుకుని నారాయణగూడ వెళ్లింది. మార్కెట్ వెనక సందులో అడిగితే ఒక గది చూపించారు. తాళం వేసి ఉంది. ఇంటి ఓనరు కురుమమ్మ వాకిలి ఊడుస్తోంది.

"భానుప్రకాశ్ ఉన్నడా అమ్మా?"

"మొన్ననే ఖాళీ చేసిండు. వాళ్ల ఊరికి పోయిండు, ఇగ రాడు."

"ఎందుకు?"

"ఏం నడవలే బిడ్డా. గంజులు, గరిటెలు కొత్తయి కొన్కొచ్చిండు. పొయ్యి గూడ ముట్టియ్యకుండనే అమ్ముకున్నడు."

విద్యావతి డబ్బాను గట్టు మీద పెట్టింది.

"ఏం పని జేస్తుండె ఆయన?"

కురుమమ్మ నడుం ఎత్తి నిలబడింది.

"ఫంక్షన్లకు వంటలు జేస్తనని ఓ ఫోన్ నంబర్ కొనుక్కున్నడు బిడ్డా, పొద్దుందాక మోగుతనే ఉంటుండె గని, మోగిన ప్రతి ఫోన్‌కు ఇంకో వంటలామె నంబర్ చెప్పి పెట్టేసిండు."