కంది వేళ్ళలో సమ్మె

అప్పటికి ప్రతి రైతు వంటింట్లోనూ చేను కబుర్లు చెప్పే పెట్టె ఒకటి ఉండేది. కంది వేళ్ళ బుడిపెల్లో కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మార్చే సూక్ష్మజీవుల మాట దానిలోంచి వినిపించేది.

ఆ పొద్దున పెట్టె తాపీగా చెప్పింది: "మట్టిలో యూరియా అందింది. నత్రజని చేసే జన్యువులు మూసేశాం."

కోడలు సువర్ణ చేతిలో పని వదిలేసి పెట్టె దగ్గరికి వచ్చింది. చేను పూత మీదుంది. యూరియా నాలుగు రోజుల ముచ్చటే; ఇప్పుడు ఇవి పడుకుంటే కాయలో గింజ పట్టదు.

"అత్తమ్మా, చేన్ల యూరియా ఎవలు చల్లిన్రు?"

"నేనే," అంది బుగ్గమ్మ. "దినాం కష్టం జేస్తున్నయి పాపం. ఒక్క పూటన్న కూసోని తిననీ అని బుట్టెడు చల్లిన."

"కూసున్నకాడికి బువ్వొస్తే ఎవలు పనిజేస్తరు? ఆకలైతెనే లేస్తయవి."

ఇద్దరూ పొద్దుగూకేదాకా సాళ్ళకు నీళ్ళు కట్టి యూరియాను కడిగేశారు. మర్నాడంతా పెట్టె ఉలకలేదు, పలకలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం నోరు విప్పింది: "ఆకలవుతోంది. జన్యువులు తెరిచాం."

సువర్ణ ఊపిరి పీల్చుకుంది. అంతలో మంచం మీంచి ఆమె మొగుడు శివలింగం కేకేశాడు. "అమ్మా, బువ్వ పెట్టు!"

అలవాటుగా లేచిన బుగ్గమ్మ పెట్టె వంక చూసింది, కోడలి వంక చూసింది, మళ్ళీ కూర్చుంది.

"ఇంక జెర ఆకలి కానీ, బిడ్డా."

చాలాసేపటికి మంచం కిర్రుమంది. శివలింగం వంటింటి గడపలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"అమ్మా, మనింట్ల కంచాలు యాడుంటయే?"