నువ్వేమంటావ్?

"కుట్టుమిషను తొక్కుకునేవాళ్ళకి నవలలెందుకండీ?" అన్నాడు హెడ్మాస్టరు.

లైబ్రరీ మేడమీది గదిలో అందరూ కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. ప్రతి ఆదివారం ఉదయం అక్కడ గుండ్రంగా కూర్చుని, ఎవరేం చదువుతున్నారో, అది ఎలా ఉందో చెప్పుకుంటారు. రిటైరైన హెడ్మాస్టరు ఎనిమిదేళ్ళుగా వస్తున్నాడు. ఆయన బాగుందంటే బాగున్నట్టు, చెత్తంటే చెత్త.

ఆవిడ చేరి రెండు నెలలే. ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుడతానని తప్ప తన గురించి ఇంకేమీ చెప్పలేదు. మొదటిరోజు ఆవిడ గుమ్మంలో కనిపించగానే ఆయన మొహం మాడిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ నోరు విప్పితే చాలు, విరుచుకుపడేవాడు.

"మీ కోపం నామీదా మాస్టారూ, నవలమీదా?" అంది ఆవిడ, పుస్తకం మూయకుండానే.

"నవలమీదే. ఏముంది అందులో? బంగారంలాంటి సంసారం వదిలేసి పోదామని చూసే ఆడది! మొగుడు తాగాడా? కొట్టాడా? తిండి పెట్టలేదా?"

"అవేమీ లేవు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా 'నువ్వేమంటావ్' అని అడగలేదు."

"అది నవల్లో ఉందా?"

"ఎనభై ఏడో పేజీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇలాంటివి చదివే కొంపలు కూలుతున్నాయి. మీ ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేరా?"

"అడిగేవాళ్ళుంటే ఇక్కడిదాకా ఎందుకొస్తాను మాస్టారూ?"

ఆయన విసురుగా లేచాడు. ఆవిడ చేతిలో పుస్తకం లాక్కుని గిరాటేశాడు. అది గోడకి కొట్టుకుని అట్ట ఊడిపోయింది.

"ఏమిటండీ ఈ పని!" అంటూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు పక్కనే ఉన్న పోస్టుమాస్టరు.

ఆవిడ వెళ్ళి పుస్తకం తీసుకుంది. ఊడిన అట్టని లోపల పెట్టుకుంది.

"ఇంకా అరవై పేజీలున్నాయి. అయ్యాక తెలుస్తుంది, ఆ ఇల్లాలు వెళ్ళిందో లేదో."

అంతే, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం హెడ్మాస్టరు అందరికంటే ముందొచ్చాడు. గడ్డం మాసి ఉంది. చొక్కాకి ఇస్త్రీ లేదు. మెట్లమీద అడుగుల చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తున్నాడు.

ఆవిడ రాలేదు.

"ఏం, తగువు ఇంకా మిగిలిందా?" అన్నాడు పోస్టుమాస్టరు. "ఇంక రాదులెండి. నోరు తెరిచినప్పుడల్లా కరవడానికొచ్చారు. పరాయి ఆడమనిషితో మాట్లాడే పద్ధతేనా అది?"

మామూలుగా అయితే ఒంటికాలిమీద లేచే మనిషి, ఆ రోజు తల వంచుకున్నాడు.

"తప్పే. వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటాను."

ఎనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. పోస్టుమాస్టరే దగ్గరుండి కిందికి తీసుకెళ్ళాడు.

"ఆవిడ అడ్రసు కావాలమ్మా," అన్నాడు హెడ్మాస్టరు, లైబ్రేరియన్ అమ్మాయితో.

"గురువారం వచ్చి పుస్తకం ఇచ్చేశారు సార్, అట్ట అతికించి మరీ. అడ్రసు మార్పించుకున్నారు. కొత్తది ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నాకు కూడానా?"

"ముఖ్యంగా మీకు."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. పోస్టుమాస్టరుకి జాలేసింది.

"పోనీ పాతది చూపించమ్మా. అక్కడ ఇరుగుపొరుగు ఎవరైనా చెప్తారేమో."

ఆ అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి, రిజిస్టరు వాళ్ళవైపు తిప్పింది.

గీత గీసి కొట్టేసిన ఆ పాత అడ్రసు, ముప్పై ఏళ్ళపాటు హెడ్మాస్టరు ఆవిడతో కాపురం చేసిన సొంత ఇంటిది.