పూజగది గుమ్మం

“ఈ ఇంటికి చెదా! మా తాత నిలబెట్టిన టేకు ఇది. కొరికితే దాని పండ్లే రాలిపోతాయి!”

చెన్నకేశవన్ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. కూతురు ఇందుజ మాత్రం విననట్టే ఫోన్ పక్కన పెట్టింది.

“చెదలు చూసే ఆయన్ని పిలిచేసినాను నాయనా. వస్తా ఉండారు.”

అడక్కుండా పిలవడం! ఈమధ్య ఆ పిల్ల చేసేవన్నీ ఇలాంటివే. వినోత్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానని పట్టుబట్టి కూర్చుంది. కులం పేరు చెవిన పడగానే చెన్నకేశవన్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఊరేది, మనుషులెలాంటివాళ్లు, ఒక్క ముక్క చెప్పనిస్తేగా! ఆ ఇంటివాళ్లు ఎవరైనా తన గడప తొక్కితే తాను ఇక ఈ ఇంట్లోనే ఉండనని తేల్చేశాడు.

“అట్లయితే నాకు పెండ్లే వద్దు. ఇంకెవర్నీ చూడొద్దు” అని ఇందుజ కూడా తేల్చేసింది. తండ్రికి తగ్గ కూతురే. మధ్యలో నలిగిపోతున్నది తల్లి లోకేశ్వరి.

చెదలు చూసే మనిషి రానే వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో టార్చిలైటు, స్క్రూడ్రైవరు. తమిళంలో వణక్కం చెప్పాడు. చెన్నకేశవన్ తమిళంలోనే విసుక్కున్నాడు. హాలు వరకు చూసుకుని వెళ్లమన్నాడు. పూజగది వైపు బయటివాళ్లు రాకూడదన్నాడు.

ఆయన స్క్రూడ్రైవరు పిడితో ద్వారబంధాన్ని తట్టాడు. చెవి ఆనించి విన్నాడు. తనలో తనే గొణుక్కున్నాడు.

“లోపల డొల్లగా ఉండాదే...”

చెన్నకేశవన్ ఉలిక్కిపడ్డాడు. చెద గురించి కాదు.

“తెలుగు! మీరు మనవాండ్లా?”

“ఇంట్లో తెలుగే సార్. తాతల కాలంనుంచీ.”

“ఏ ఊరు?”

“చిన్నమనూరు పక్కన.”

“అట్ల చెప్పండి! మా చిన్నత్తను ఇచ్చింది ఆడనే!”

అంతే, మనిషి మారిపోయాడు. కోయంబత్తూరులో బయటివాళ్ల నోట తెలుగు వినడమే గగనమైపోయిందని ఆయన దిగులు. ఎవరైనా తెలుగులో పలకరిస్తే చాలు, ఆయన లెక్కలో చుట్టమైపోతారు. చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పాడు. మాటలే మాటలు.

పూజగది గుమ్మం ముందు ఆ మనిషి ఆగిపోయాడు. చెన్నకేశవన్ కళ్లలోకి సూటిగా చూశాడు.

“నేను లోపలికి రావచ్చునా?”

“మనవాండ్లు అడిగేదేముండాది? రాండి!”

ఆయన లోపలికెళ్లి లక్ష్మీదేవి పటం జరిపాడు. వెనక గోడ మీద మట్టి చార పైకప్పు దాకా పాకి ఉంది. గుమ్మం చెక్కలో స్క్రూడ్రైవరు గుచ్చితే పిడిదాకా దిగిపోయింది.

“పైన రంగు మాత్రమే నిలబడి ఉండాది సార్. ఇప్పుడైనా మందు కొడితే ఇల్లు దక్కుతుంది.”

చెన్నకేశవన్ ముఖం మాడిపోయింది. అయినా మాట మనవాడిది కదా, నమ్మాడు. మందు కొట్టడానికి ఒప్పుకున్నాడు. అన్నం తినకుండా కదలనివ్వనని ఆయన్ని కూర్చోబెట్టాడు. లోకేశ్వరి పక్కపక్కనే రెండాకులు వేసింది.

వడ్డించడానికి ఇందుజ వచ్చింది. తండ్రికి ఇన్నాళ్లుగా మంచినీళ్లయినా అందించని పిల్ల! కోపం తగ్గిందనుకుని చెన్నకేశవన్ పొంగిపోయాడు. నెయ్యిగిన్నె అందుకుని అతిథి ఆకులో తన చేత్తోనే వేశాడు.

“ఇంతసేపు మాట్లాడితిమి, మీ పేరే అడగలేదు చూడండి!”

ఆ మనిషి నోట్లో ముద్ద నిదానంగా మింగి, తల దించకుండా చెప్పాడు: “ఇరుళప్పన్... వినోత్ తండ్రిని.”