నవ్వుముఖం కోసం నల్ల చాక్లెట్

"గబుక్కున మింగేయకమ్మా. నాలిక మీద కరగాలి."

వెంకటదుర్గ ఆ నల్లటి ముక్కను నాలిక మీదే ఉంచింది. చేదు బంకలా అంగిట్లో అంటుకుంది. ఆ చేదు వెనకనుంచి తోటలో రోజూ పీల్చే వాసనే ముక్కుకెక్కింది. పొద్దస్తమానం కొబ్బరితోటలో ఆమె పని చెట్ల మధ్య అంతరపంటగా వేసిన కోకో కాయలతోనే. కాయలు పగలగొట్టి, చీమిడిలా జారే తెల్లగుజ్జుతో సహా గింజలు తోడి, గోనెపట్టాలు కప్పి పులియబెట్టాలి. తర్వాత పట్టా ఎత్తితే గుప్పుమని పుల్లటి కంపు. ముసిరే ఈగలు. కారే గోధుమరంగు రసం. సబ్బుతో ఎంత తోమినా అది గోళ్లలోంచి పోదు. ఆ కంపుకే మెరుపుకాగితం చుట్టి అమ్ముతారు.

"ఎలా ఉంది?" ముఖంలో ముఖం పెట్టి అడిగింది కూతురు సత్యశ్రీ.

"బాగుందే."

"మరి కళ్లు మూసుకున్నావేంటి?"

"రుచి తెలియాలని."

"అబద్ధాలాడితే ప్రయోగం పాడైపోద్ది. ఇది తింటే మెదడులో సంతోషాన్నిచ్చే రసాయనం పెరుగుద్దో లేదో చూడాలి. చాక్లెట్లు ఇచ్చేటప్పుడే చెప్పారు మా సైన్సు సారు. తిన్నవాళ్లు నిజమే చెప్పాలంట."

"అలాగే డాక్టరమ్మా!"

గొంతుదాకా వచ్చినదాన్ని వెంకటదుర్గ గుటకేసి కిందికి తోసింది. కక్కిందంటే ఇంతే సంగతులు, పిల్ల ప్రయోగం ఆపేస్తుంది.

సత్యశ్రీ మూడు అట్టముక్కలు ముందు పరిచింది. ఒకదాని మీద ఏడుపుముఖం, ఒకదాని మీద మామూలుముఖం, ఇంకోదాని మీద నవ్వుముఖం.

"ఇప్పుడు నీ మనసు ఏది?"

వెంకటదుర్గ నవ్వుముఖం తీసింది.

"నిన్నా ఇదేగా! ఇవాళ తోటలో ఏమైనా జరిగిందా? సంతోషం చాక్లెట్ వల్లో, వేరేదాని వల్లో నాకు తెలియాలి."

"నా పక్కన గింజలు తోడే చిన్నమ్మాయి పిన్ని ఆవలిస్తూ ఈగను మింగేసింది."

"యాక్! ఉమ్మేసిందా?"

"ఎక్కడా! అప్పటికే లోపలికెళ్లిపోయింది."

సత్యశ్రీ పకపకా నవ్వింది. వెంకటదుర్గా నవ్వింది.

"ఛీ, నోరు మూసుకుని నవ్వమ్మా! పళ్లన్నీ బురదలా ఉన్నాయి."

"వెంకటదుర్గగారూ, ఉన్నారాండీ?" వీధిలోంచి పిలుపు. సైన్సు మాస్టారు రాజరత్నం. సత్యశ్రీ అట్టముక్కలు పోగుచేసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

వెంకటదుర్గ బయటికొచ్చి, ముందు చెంబుడు నీళ్లతో నోరు పుక్కిలించింది. ఎంత ఉమ్మినా నల్లగానే వస్తోంది.

"క్షమించండి మాస్టారూ. చెప్పండి."

"స్కూల్లో ఎగ్జిబిషన్ బాగా జరిగిందండి. చార్టు మీ అమ్మాయే గీసింది, వాళ్ల క్లాసబ్బాయి అశోక్ చదివి వినిపించాడు. దాంతో ప్రాజెక్టు అయిపోయింది. ఇంక ఆపెయ్యమని పాపకి చెబుదామని వచ్చాను."

"అయ్యయ్యో, ఆ మాట చెప్పకండి!" వెంకటదుర్గ గొంతు తగ్గించింది. "ఇంకా చెయ్యాలని చెప్పండి. రాజమండ్రి వెళ్లినప్పుడు ఆ చాక్లెట్లు ఇంకొన్ని తెచ్చిపెట్టండి."

రాజరత్నం ఆశ్చర్యపోయాడు. "చాక్లెట్‌తో మనసు మారుతుందో లేదో శాస్త్రవేత్తలే ఇంకా గట్టిగా తేల్చలేదండీ. మీకంత నచ్చిందా?"

"నచ్చడమా! తలుచుకుంటేనే డోకొస్తోందండి."

"మరెందుకండీ తినడం?"

వెంకటదుర్గ గది వైపు చూసింది. లోపల అలికిడి లేదు.

"వాళ్ల నాన్న పోయాక పిల్ల నోరు విప్పేది ఆ కాసేపేనండి."