కదుళ్ల గదిలో కాబోయే అల్లుడు

“చూడు బాబూ, కానీ చెయ్యి వెయ్యకు. బిళ్ల ఊడొస్తుంది,” అంది అమ్మాయి తల్లి.

అతను చాచిన చేతిని గబుక్కున వెనక్కి తీసుకుని, పనిలో పనిగా రెండు చేతులూ కట్టుకున్నాడు. కళ్లజోళ్ల షాపులో పని అతనిది. ఏ మొహానికి ఏ ఫ్రేము తగిలించినా అది మీకోసమే చేసినట్టుందని నమ్మించగల మాటకారి. అలాంటివాడికి ఈ వేళ నోట్లో తడి ఆరిపోతోంది. ప్రేమించిన పిల్లని ఇస్తారో ఇవ్వరో ఈ పూటతో తేలిపోతుంది మరి.

ఆ పిల్లకి ఆస్పత్రిలో డ్యూటీ. పొద్దున ఫోన్లో హడావుడిగా ఒక్క మాట చెప్పి పెట్టేసింది. “మా ఇంట్లో కదుళ్ల గది ఉంది. ఆ గది నచ్చినవాడే నాకు మొగుడు. తేలిగ్గా తీసుకోకు.” కదుళ్లంటే ఏమిటో తెలియక అతను షాపులో ముసలి అకౌంటెంటును అడిగాడు. నూలు వడికే పుల్లలని, కింద ఒక బిళ్ల ఉంటుందని, బొంగరంలా తిప్పితే దారం వస్తుందని ఆయన చెప్పాడు. ఇంతేనా, అత్తగారి సరదాని ఆ మాత్రం మెచ్చుకోలేనా అనుకుని అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

తీరా వచ్చి చూస్తే గది నిండా అవే. గోడల మీద కొక్కేలకు, అద్దాల బీరువాలో, కిటికీ గట్టు మీద కూడా. కర్రవి, ఇనపవి, మట్టి బిళ్లలవి, వేలంత చిన్నవి, గరిటెంత పొడుగువి. ఆవిడ ఒక్కోదాని దగ్గరా ఆగి వివరం చెప్పింది. ఇది కొండల్లో గొర్రెల కాపరులది, ఇది పడవల మీద బతికేవాళ్లది, ఇది నడుస్తూ వడికేది, ఇది కూర్చుని గిన్నెలో తిప్పేది. అతను ప్రతిదానికీ ఒక కొత్త పొగడ్త వెతుక్కున్నాడు. గుమ్మం దగ్గర ఆంటీ అన్నవాడు రెండో గోడకు వచ్చేసరికి చొరవగా అత్తయ్యగారూ అనేశాడు. ఆవిడ కాదనలేదు.

వాళ్ల వెనకే అమ్మాయి తండ్రి వస్తున్నాడు. లారీ నడిపి నడిపి ఈమధ్యే మానేసిన మనిషి. పెద్ద మీసాలు, పలకల్లాంటి అరచేతులు. ఆ చేతుల్లో నూనెగుడ్డ పట్టుకుని, వాళ్లు చూసి వదిలేసిన ప్రతి కదురునూ తుడిచి, వంకర లేకుండా సర్దుతున్నాడు. ఆయనకి మాటలు తక్కువని ఆవిడ ముందే చెప్పింది. ఒక కదురు ఏ కర్రతో చేశారో ఆవిడ పొరపాటున తప్పు చెబితే ఆయన చిన్నగా దగ్గాడు. ఆవిడ వెంటనే దిద్దుకుంది. దుమ్ము దులిపించడమే కాక ఈయన చేత పాఠం కూడా బట్టీ పట్టించిందన్నమాట అనుకున్నాడు అతను. ఆయన మీద నిజంగానే జాలి వేసింది.

టీ పెట్టుకొస్తానని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. అతను గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మామయ్యగారూ, ఎన్నాళ్లుగా ఈ గొడవ?”

“పెళ్లయిన కొత్తలోనే మొదలైంది,” అన్నాడాయన.

“ఎలా భరిస్తున్నారండీ?”

“ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.”

ఆ జవాబుకి అతని మనసు కరిగిపోయింది. గోడ మీది పొడుగాటి కదురొకటి తీసి, కాలర్లోంచి వీపు మీదికి దించి, హాయిగా గోక్కున్నాడు. ఇందుకు తప్ప ఇవి ఎందుకైనా పనికొస్తాయా అని అడిగాడు. ఆయన ఆ కదురు వైపే రెప్పవాల్చకుండా చూస్తూ, “అది ఎముకతో చేసింది,” అన్నాడు.

“అందుకే బాగా గోకుతోంది,” అన్నాడు అతను.

ఇక ఆగలేదు. పెళ్లి కానివ్వండి, నేను మీ పక్షమే అని మాటిచ్చేశాడు. ఈ గదిలో మీకో పెద్ద టీవీ, ఎదురుగా ఒక పడక కుర్చీ, తలుపేసుకుంటే మిమ్మల్ని అడిగేవాళ్లే ఉండరని ఊరించాడు.

“ఈ పుల్లలన్నీ అటకెక్కించేద్దాం. ఒక్కసారిగా కాదు, అత్తయ్యగారు కనిపెట్టేస్తారు. నెలకొకటి.”

“నెలకొకటి,” అన్నాడాయన మెల్లగా. “అలా అయితే తెలీదంటావా?”

“నాకు వదిలెయ్యండి.”

ఆయన చెయ్యి చాచాడు. అతను పొంగిపోయి కరచాలనం చెయ్యబోయాడు. ఆయన ఆ చేతిలోని కదురు మాత్రం తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి తుడవడం మొదలుపెట్టాడు.

అతని గుండె మీది బరువంతా దిగిపోయింది. అత్తగారు పొగడ్తలకి పడిపోయింది, మామగారు ఏకంగా తన జట్టులో చేరిపోయారు. ఇంకేం, పెళ్లి అయిపోయినట్టే. శుభవార్త ఆ పిల్లకి ఏ మాటలతో చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు.

ఆవిడ టీ కప్పులతో వచ్చింది. మొహమాటానికి అనొద్దు, ఇవి నిజంగానే నచ్చాయా అని అడిగింది.

“జీవితాంతం ఈ గదిలోనే కూర్చోమన్నా కూర్చుంటానండీ,” అన్నాడు అతను, కళ్లలో తడి ఒక్కటే తక్కువ.

ఆవిడ మొహం విప్పారింది. ఇదివరకు వచ్చిన సంబంధాల వాళ్లు మొదటి గోడ దగ్గరే ఆవలించారట. తనవరకు సరేనని, కాకపోతే ఈ ఇంట్లో అల్లుణ్ణి ఎంచేది తాను కాదని నవ్వుతూ చెప్పింది. అతను కప్పు అందుకుంటూ అయోమయంగా చూశాడు. ఆవిడ రెండో కప్పు తీసుకుని, ఆ ఎముక కదురునే ఇంకా తుడుస్తున్న భర్త దగ్గరికి వెళ్లింది.

“ఏమండీ, మీ కదుళ్లు అబ్బాయికి తెగ నచ్చాయట.”