ఎర్రబడని మేకు

మేకు నల్లగానే పైకొచ్చింది.

పురుగులమ్మ దాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ తొట్టిలో ముంచింది. గుట్ట మీంచి దిగిన నీళ్ళలో రాగి ఉంటే ఇనుప మేకు కాసేపట్లో రాగి పూత పట్టి ఎర్రగా మెరవాలి. తర్వాత యంత్రాలు ఎన్ని లెక్కలు చెప్పినా, అక్కడ అందరూ ముందు నమ్మేది మేకునే. ఈసారీ అది ఎర్రబడలేదు.

ఆమె అసలు పేరు ఆ పనిచోట ఎవరికీ గుర్తు లేదు. కంటికి కనపడని సూక్ష్మజీవుల్ని పెంచడం ఆమె ఉద్యోగం. నాసిరకం ఖనిజాన్ని గుట్టగా పోసి, దాని మీద ఆ జీవులున్న పుల్లటి నీళ్ళు చల్లుతారు. అవి రాతిని కొరుక్కుతిని రాగిని నీళ్ళలోకి వదిలేస్తాయి. ఆ నీళ్ళు, నేలలోకి ఇంకిపోకుండా గుట్ట అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు మీదుగా జారి, నీలంగా తొట్టిలోకి చేరతాయి. ఈమధ్య ఆ నీలం పాలిపోయింది.

"మీ పురుగులు చచ్చాయమ్మా," అన్నాడు మేనేజరు.

చావలేదని చెప్పింది. పొద్దున్నే మైక్రోస్కోపులో చూశానని, చలిచీమల్లా కదులుతున్నాయని చెప్పింది.

"బతికుంటే మరి రాగేదీ?"

ఎండలకి తొట్టిలో నీళ్ళు తరిగిపోతున్నాయని రోజూ ట్యాంకర్లతో మామూలు నీళ్ళు కలుపుతున్నారు, అందుకే పలచబడిందేమోనని నసిగింది. ఎండలు నిరుడు కాయలేదా అన్నాడాయన. వారాఖరుకి మేకు ఎర్రబడకపోతే గుట్ట మూసేస్తారట. గుట్టే లేకపోతే పురుగులమ్మతో ఎవరికి పని? ఉద్యోగం సంగతి అటుంచితే, చంటిపిల్లల్లా సాకిన జీవుల్ని పారబోయమంటారు. ఆమెకి ఏడుపొచ్చింది.

ఇల్లు గుట్టకి దిగువనే, నడిచిపోయే దూరం. అక్కడ ఇంకో పంచాయితీ. పనిచోట పురుగులు చచ్చాయని తిట్లు, ఇంట్లో అవి బతికే ఉన్నాయని తిట్లు. కొడుక్కి వారం నుంచి కడుపునొప్పి, వాంతులు. పెద్దవాళ్ళకీ కడుపులో తిప్పుతూనే ఉంది గానీ, పిల్లవాడి గొడవలో ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ పురుగుల్లో పెట్టిన చేతులు తెచ్చి వంటలో పెడితే ఏమవుతుంది మరి?" అంది అత్తగారు. "నీ పురుగులే నా మనవణ్ణి తినేస్తున్నాయి."

అవి మనుషుల జోలికి రావని, వాటికి రాయి తప్ప ఇంకేమీ అక్కర్లేదని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అత్తగారు వింటేగా. తల్లికీ పెళ్ళానికీ మాటామాటా వస్తే చెప్పులేసుకునే మనిషి ఆమె భర్త. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నిజానికి ఆమెకీ లోపల గుబులుగానే ఉంది. కొంపదీసి తన చేతులతో ఏదైనా మోసుకొస్తోందా? మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దుకుంది. పెరట్లో బోరు కొట్టి, ఆ నీళ్ళు తెర్లేదాకా కాచి చల్లార్చింది. అందులో ఎలాంటి సూక్ష్మజీవి ఉన్నా చావాల్సిందే. సూక్ష్మజీవుల సంగతి తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పిల్లవాడు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చేదుగా ఉన్నాయమ్మా."

"వాంతులైతే నోరు అలాగే ఉంటుంది నాన్నా. నీళ్ళు తాగితేనే తగ్గుతుంది."

గ్లాసు నోటికి ఆనించింది. వాడు బుద్ధిగా అందుకున్నాడు.

వంటింట్లో అత్తగారు ఇంకో గొడవ ఎత్తుకుంది. కొత్త ఇనుప కత్తిని రాత్రి గిన్నెడు బోరు నీళ్ళలో నానేసి మరిచిపోయిందట. ఇప్పుడు తీసి చూస్తే తుప్పు పట్టిందట. ఈ ఇంట్లో మనుషులకే కాదు, ఇనుముకీ రోగమేనట.

గోరుచుట్టు మీద రోకటిపోటు అనుకుంటూ పురుగులమ్మ లేచి వెళ్ళి కత్తి అందుకుంది. బొటనవేలితో రుద్దింది. తుప్పయితే వేలికి అంటాలి. అంటలేదు. గుడ్డతో తుడిచి కిటికీ వెలుగులోకి పట్టుకుంది.

"మొత్తం తాగేశానమ్మా," అన్నాడు వెనక నుంచి పిల్లవాడు, ఖాళీ గ్లాసు పైకెత్తి చూపిస్తూ.

ఆమె చేతిలో కత్తి ఎర్రగా మెరిసింది, వారం నుంచి తొట్టిలో మేకు ఎలా మెరవాలని కోరుకుంటోందో అచ్చం అలాగే.