తగనివాడి పరుగు

నైలు గట్టు మీది పావురాల గోపురంలోంచి చర్చి పెద్ద పమూన్ తల బయటపెట్టాడు. రెండు రోజులుగా లోపలే దాక్కోవడంతో గడ్డం నిండా రెట్టలు. కింద అతని భార్య తయేసి ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో అతని చెప్పుతో.

"అది ఎక్కడ దొరికిందే?"

"నువ్వు ఆనవాలుగా పడేసిన చోటే. ఎవరూ ముట్టుకోలేదు."

పమూన్ ఇంకాస్త ముందుకు వంగి గట్టు వెంట అటూ ఇటూ చూశాడు. బిషప్ పదవికి తన పేరు వినబడగానే "నేను తగను" అని మూడుసార్లు అరిచి పరిగెత్తాడు. ఆనవాయితీ ప్రకారం ఘనులంతా అలాగే పరిగెత్తుతారు. జనం వెంటపడి, తాళ్ళతో కట్టి తెచ్చి, పీఠం మీద కూర్చోబెడతారు. కట్టేటప్పుడు ఎలా ఏడవాలో కూడా పావురాల ముందు సాధన చేసుకున్నాడు.

"నా వెనక ఒక్కడూ రాలేదా?"

"చర్చి వాకిలి కాసే హాత్రే వచ్చాడుగా! నిన్ను వెనక్కి పిలుద్దామని పరిగెత్తాడు పాపం. అతనూ పదవి వద్దని పారిపోతున్నాడనుకుని జనం పట్టుకుని కట్టేశారు."

"వాడికి నోరు లేదూ? చెప్పొద్దూ?"

"వాడు అనకయ్యా, ఇప్పుడాయన బిషప్పుగారు. నేను తగను, వదలండి బాబూ అని నిజంగానే ఏడ్చాడు. ఆయన ఏడ్చినకొద్దీ జనం మురిసిపోయారు."

"నేనూ తగనన్నానుగా!"

"అన్నావు." తయేసి చెప్పు పైకి విసిరింది. "నీ మాట అందరూ నమ్మారు."